మీనునకు మేత

శంషాబాదు పేరు వినగానే నేటివారికి విమానమే తోచును. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడినది మొదలు ఆ యూరికి వేరొక ముఖమే లేనట్లయినది. అయినను పైగా వంశపు ప్రభువుల షంసుల్ ఉమ్రా బిరుదమువలన పేరు వడసిన యీ గ్రామమునకు నీటితోడి చుట్టరికము అంతకంటె పాతది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్య చూపిన త్రోవ ననుసరించి, ఈసీనదికి అడ్డకట్ట వేసి 1927లో నిజాము ప్రభుత్వము ముగించిన హిమాయత్ సాగరము ఈ యూరి పొరుగుననే యున్నది. నేడు ఆ చుట్టుపట్ల లేచిన మేడలలో, ఆ సాగరమునకు మనుమరాండ్రవలె, గాజుతొట్లు వెలసినవి. వాని యజమానుల నడిగినచో చేపకేమి పెట్టవలెనను ప్రశ్నకు అంగడివా డిచ్చిన పొట్లమే సమాధానము.

ఈ ప్రశ్న యిక్కడ క్రొత్తది కాదు. తెలంగాణము కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నున్న కాలమున, 12వ శతాబ్ది పూర్వార్ధమున, మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున రచించిన మానసోల్లాసమందు మత్స్యవినోదమను నొక ప్రకరణము గలదు. రాజ్యతంత్రము, గజలక్షణము, సంగీతము మున్నగు మహావిషయములకు చోటిచ్చిన యా గ్రంథమున, సర్వజ్ఞ బిరుదాంకితుడగు చక్రవర్తి, ముప్పదికి పైబడిన మత్స్యజాతులను పేర్కొని, పొలుసుగలవానిని లేనివానిని, పెద్దవానిని చిన్నవానిని వేరుపరచి, ఏ జాతి కేమి మేపవలెనో చెప్పెను. గాలము వేయుటకే మేపించె ననుట నిజమే. ఆ వినోదమున చేపకు దక్కిన వినోద మేమియు లేదు. అయినను జాతి నెరిగి మేత నిర్ణయించుట యను శాస్త్రబుద్ధి యందున్నది. అది నేటి పొట్లమున నుండుట అరుదు.

గ్రంథము చదువని గంగపుత్రులును ముదిరాజులును అదే విద్యను చెరువులో నేర్చిరి. బొచ్చ మీదినీటిలో తిరుగును, రవ్వ నడుమ మేయును, మృగాల అడుగుబురదను వెదకును. కొర్రమీను సజీవమైన యెరను గోరును. తవుడును వేరుసెనగచెక్కయు కలిపి పెట్టినచో మొదటి మూడును పెరుగును, కొర్రమీను మాత్రము దానిని తాకదు. నోటి యమరికయే భోజనపట్టిక: పైకి తెరచిన నోరు తేలు మేతకు, క్రిందికి వంగిన నోరు మునుగు మేతకు. కోనేటిలో మరమరాలు చల్లు భక్తుని పుణ్యము అతనికి చెందునేమో గాని, మరమరాలు అన్ని నోళ్లకును చెందవు.

తొట్టి మీనుల కొక కాలమున దోమపిల్లలే పరమాన్నము. 1897 ఆగష్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొన్న సికిందరాబాదు భవనము, శంషాబాదునకు ముందు నగరమునకు విమానాశ్రయమైన బేగంపేట చెంతనే కలదు. దోమయే దోషి యని తేలిన పిదప, దాని పిల్లలను తిను గప్పీ, గంబూషియాలను దేశమంతట బావులలో విడిచిరి. అనగా మనము మేతకై చేపను వెదకితిమి. 1950 దశకమున జర్మనీలో పలుచని రేకుల మేత పుట్టి డబ్బాల కెక్కిన పిదప, ఆ నాచునీటి విందు మరుగైనది.

రేకులు చెడ్డవని కాదు. అందరికి నవియే చాలునను నమ్మకము చెడ్డది. సియాము నుండి వచ్చిన ఫైటరు పురుగులను గోరును. బంగారుతీగకు బంధువైన గోల్డ్‌ఫిష్‌కు ఆకుకూర ఇష్టము, పైగా దానికి జీర్ణాశయమే లేదు, మ్రింగినది తిన్నగా ప్రేవులలోనికి పోవును. కావున చిటికెడు చొప్పున పలుమారులు పెట్టవలెను. మా తొట్టిలో నేను మొదట పిడికెడు చల్లి, తినగా మిగిలినది క్రుళ్లగా, నీటిని పాలవలె చేసితిని.

ఒక్కొక్కప్పుడు ఏమియు పెట్టకుండుటయే మేలు. దూరప్రయాణమునకు ముందు చేపలను ఒకదినమైన పస్తుంచి, పిదప ప్రాణవాయువు నింపిన సంచులలో మూటగట్టుట వర్తకుల యాచారము. తిన్న చేప సంచినీటిని మలినపరచి తానే యూపిరాడక చచ్చును. దూరమునుండి వచ్చిన చేపను ఇల్లు చేర్చుకొన్న చదువరి, ఆ రాత్రి దానికేమియు పెట్టకుండును గాక.