విమానాల వానప్రస్థం

మన పల్లెలలో ఎడ్లబండి పాడైతే ఇరుసు మరొక బండికి, చక్రపు ఆకులు పొయ్యిలోకి పోయేవి. విమానానికి వార్ధక్యం వస్తే ఏమవుతుందో 2012లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ నగరంలో కళ్ళారా చూశాను.

అక్కడి డేవిస్-మంథన్ వైమానిక స్థావరంలో, రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి యేడు, అనగా 1946లో, మిగిలిపోయిన విమానాలకొక నిల్వ క్షేత్రం ఏర్పడింది. సుమారు 2,600 ఎకరాల ఎడారి. తేమ లేదు కనుక తుప్పు త్వరగా పట్టదు. నేల రాయివలె గట్టిది కనుక కాంక్రీటు పరవకుండానే విమానాలను నిలపవచ్చు. ఎండవేడిమికి లోపలి భాగాలు చెడకుండా పైన తెల్లని పూత పూస్తారు. కొన్నింటి విడిభాగాలు ఇతర విమానాలకు పోతాయి, కొన్ని తుక్కవుతాయి. ఏ కొద్దిటికో పునర్జన్మ లభిస్తుంది: 2008లో అక్కడికి చేరిన ఒక బి-52 బాంబరు 2015లో తిరిగి ఆకాశానికెగిరింది. ఆ రోజులలో సమీపంలోని పీమా మ్యూజియంవారు బస్సులో తీసుకువెళ్ళి ఇదంతా చూపేవారు. 2020లో ఆ యాత్రలు ఆగిపోయాయి.

1976లో ప్రారంభమైన ఆ మ్యూజియంలోనే నన్ను కదలనీయక నిలిపిన విమానమున్నది. అది బి-24 లిబరేటర్. విమోచకుడని అర్థం, మోసినవి మాత్రం బాంబులు! అమెరికా వీటిని 18,000కు పైగా నిర్మించింది. యుద్ధం ముగియగానే దాదాపు అన్నింటినీ తుక్కుచేసింది. కాన్పూరులో బ్రిటిష్ వైమానికదళం కూడా తనకు అమెరికా యిచ్చిన లిబరేటర్లను, మరెవ్వరూ ఎగురవేయరాదని పాడుచేసి వదలివెళ్ళింది. స్వతంత్ర భారతానికి బాంబరులు కావలసివచ్చాయి. కొనుటకు ధనం లేదు. బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్ క్రాఫ్ట్ సంస్థవారు 1948 మొదలుకొని ఆ శిథిలాలలో సుమారు నలభైని బాగుచేశారు. దేవాలయాలకు మనం చేసే జీర్ణోద్ధరణ వంటిదే అది. అవి 1968 దాకా మన వైమానికదళంలో సేవచేశాయి.

అప్పటికి లిబరేటర్ అమెరికాలోనే అపురూపమయింది. 1969లో మనదేశం ఒకదానిని టూసాన్ కు బహూకరించింది. బ్రిటన్, కెనడా మ్యూజియంలకూ మన లిబరేటర్లు వెళ్ళాయి. ఒకటి ఢిల్లీ పాలంలో ఉన్నది. పుట్టించినవారు పారవేసినదానిని, పారవేసే స్తోమత లేనివారు కాపాడి తిరిగి ఇచ్చారన్నమాట.

నేను చూచినప్పుడు ఆ విమానానికి అమెరికన్ దళపు రంగులు, "బంగే బకరూ" అనే పేరు ఉన్నాయి. బంగే ఇంగ్లండులోని యుద్ధకాలపు అమెరికన్ స్థావరం. ఈ విమానం అక్కడ సేవచేసినదికాదు. రెక్కలపై మన మూడురంగుల చక్రం ఉండిన ఇరవయ్యేళ్ళు ఆ పూత అడుగున పడిపోయాయి. అబద్ధమనను, అది ఆ జాతి విమానాలన్నింటికీ ప్రతినిధిగా నిలిచింది. కానీ చరిత్రలో మరమ్మత్తు చేసినవాని పేరు ఎప్పుడూ ఇట్లాగే రంగు క్రిందికి పోతుంది.

అరిజోనా వెళ్ళే తెలుగువారు, ముఖ్యంగా పిల్లలతో వెళ్ళేవారు, ఆ విమానం ముందు ఒక్క అయిదు నిమిషాలు నిలబడి కాన్పూరు, బెంగుళూరుల కథ చెప్పవలసిందిగా నా మనవి.