జకార్తా, 1962: ఆతిథ్యమూ నినాదమూ

1962 సెప్టెంబరు 4న జకార్తాలో భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులు. కబడ్డీ, వాలీబాల్ ముందు ఫుట్‌బాల్ అంతగా నిలవని గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప పల్లెల్లో పాఠం చెప్పే నాకు ఆయన వృత్తి ముందుగా ఆసక్తి కలిగించింది. అయితే నేనిక్కడ చర్చించదలచింది ఆయన విజయాన్ని మాత్రమే కాదు, ఆ విజయం లభించిన నేలను కూడా. ఆతిథ్య దేశమంటే ఎవరు? ప్రభుత్వమా, ప్రజలా? ఈ ప్రశ్న రచయితలకూ సంబంధించినదే.

1955లో బాండుంగ్ మహాసభ జరిగిన దేశం ఇండొనీషియా. వలస పాలన నుంచి బయటపడిన ఆ దేశం సోవియట్ రుణంతో లక్షమంది పట్టే స్టేడియం కట్టుకుని ఆసియాను ఆహ్వానించింది. ఆ ఆత్మగౌరవాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. అయితే చైనా, అరబ్బు దేశాల ఒత్తిడితో సుకర్ణో ప్రభుత్వం తైవాన్, ఇజ్రాయెల్ క్రీడాకారులకు వీసాలు నిరాకరించింది. నిబంధనలను అతిక్రమించిన ఈ పోటీలను ఆసియా క్రీడలనడానికి వీల్లేదని భారత ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. క్రీడలు రాజకీయాలకు అతీతం కావన్నది సుకర్ణో వాదన. అందులో నిజం లేకపోలేదు. కాని ఆ వాదన వీధిలోకి వచ్చేసరికి ఏ రూపం తీసుకున్నది? సెప్టెంబరు 3న ఒక గుంపు భారత రాయబార కార్యాలయంపై దాడి చేసింది. మర్నాడు స్టేడియంలో ఆ ఆగ్రహమంతా సోంధీ ప్రకటనతో ఏ సంబంధమూ లేని పదకొండు మంది ఆటగాళ్లపై ఈలలుగా, కేకలుగా కురిసింది.

అప్పటికే రహీంను క్యాన్సర్ లోపల తొలుస్తున్నది. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేశారు. అంత హోరులోనూ తమను ఉత్సాహపరచినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని మన క్రీడాకారులు తర్వాత గుర్తు చేసుకున్నారు. అవే క్రీడల్లో మనను ఓడించి హాకీ స్వర్ణం తీసుకున్నవారు వారే! ప్రభుత్వాల నినాదాల్లో కనిపించని సౌభ్రాతృత్వం ఆటగాళ్ల మధ్య కనిపించింది.

ఇక రచయితల సంగతి. ఇండొనీషియా అభ్యుదయ సాంస్కృతిక సంఘం 'లెక్రా' సుకర్ణో పక్షాన నిలిచింది. 1963లో కొందరు రచయితలు వేరొక సాంస్కృతిక ప్రణాళిక ప్రకటించగా లెక్రా దానిపై తీవ్రంగా పోరాడింది. 1964లో ప్రభుత్వం ఆ ప్రణాళికను నిషేధించింది. మరుసటి సంవత్సరమే చరిత్ర తిరగబడింది. 1965 అక్టోబరు నుంచి సైన్యం అండతో సాగిన మారణకాండలో లక్షలాది వామపక్షీయులు, సానుభూతిపరులు హతమయ్యారు. 1966లో లెక్రానే నిషేధించారు. మహారచయిత ప్రమోద్య అనంత తూర్‌ను బూరు ద్వీపంలో పదేళ్లు బంధించారు. కాగితం దొరకని రోజుల్లో ఆయన తన నవలను తోటి ఖైదీలకు నోటితోనే చెప్పాడు.

లెక్రా రచయితల త్యాగాన్ని నేను తక్కువ చేయడం లేదు. వారిని చంపినవారి నేరం దీనివల్ల రవ్వంత కూడా తగ్గదు. అయినా 1943లో తెనాలిలో తొలి మహాసభ జరుపుకొన్న సంఘానికి వారసులం గనుక ఈ పాఠాన్ని మనమే చదువుకోవాలి. నిషేధమనే ఆయుధం ఏ పాలకుడి చేతికీ శాశ్వతంగా అంటిపెట్టుకుని ఉండదు. ఇవాళ మన ప్రత్యర్థిపై వాడినప్పుడు మనం చప్పట్లు కొడితే, రేపు దాన్ని మనపై ఎత్తినప్పుడు మన తరఫున మాట్లాడడానికి ఎవరు మిగులుతారు?

రహీం 1963 జూన్ 11న మరణించారు. ఆ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. ఈలల మధ్య తన పని తాను చేసిన ఆ పంతులు గురించి తెలుగులో మంచి నవల రావాలి. రాసేవారు ఆయన జట్టుతోపాటు, ఈలలు వేసిన ఆ గుంపునూ అర్థం చేసుకుని రాయాలి. మూడేళ్లు తిరిగేసరికి అదే నగరంలో మొదలైన చీకటి ఆ గుంపులోని ఎందరినో మింగి ఉంటుంది.