దాచుకొన్న వ్యాధి చరిత్ర

రాజుల వంశచరిత్రలను శాసనములు చెప్పును. కోటల చరిత్రను రాళ్లు చెప్పును. స్త్రీ తన శరీరమున దాచుకొన్న వ్యాధికి మాత్రము చరిత్ర దొరకుట కష్టము. వైద్యగ్రంథమున ఒక శ్లోకము, ఆసుపత్రి పుస్తకమున ఒక పంక్తి, సర్వేలో ఒక సంఖ్య, వీటిని కూర్చుకొని ఆ చరిత్రను అల్లుకొనవలెను. గర్భసంచి జారుట అట్టి వ్యాధి. దీనిని మానవుడు ఎట్లు అర్థము చేసికొనెనో, బాగుచేయుట ఎట్లు నేర్చెనో, ఆ నేర్పు కరీంనగర్, ఆదిలాబాదు సీమల పల్లెల దాక ఎట్లు వచ్చెనో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ఈ రెండు పాత జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానముగా ఎనిమిది జిల్లాలుగా విడిపోయినవి. జిల్లాల పేర్లు మారినను అచటి స్త్రీల పనిపాటులు ఒక్కనాట మారలేదు. వరినాట్లలో నడుము వంచి దినమెల్ల నిలుచుట, కట్టెల మోపు నెత్తికెత్తుకొనుట, వేసవిలో అడవికి పోయి తునికాకు కట్టలు మోసికొని వచ్చుట, బిందెలతో నీరు తెచ్చుట, వీటిలో ఏదో యొకటి లేని పల్లె కానరాదు. ఇట్టి పనుల నడుమ బిడ్డలను కన్న తల్లికి ఒకనాడు తొడల నడుమ ఏదో బరువుగా దిగినట్లు తోచును. ఉదయము తేలికగా నుండి సాయంకాలమునకు బరువెక్కును. దగ్గినను, తుమ్మినను మూత్రము చుక్కలు పడును. కొందరికి మూత్రము పూర్తిగా దిగదు. నడుము లాగును. ఆమె ఈ సంగతిని అత్తకు చెప్పదు, భర్తకు చెప్పదు. వయస్సు వచ్చినది కాబోలునని సరిపెట్టుకొనును.

అసలు జరుగునదేమి? మన ఇండ్లలోని ఉట్టిని, కుదురును తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. ఉట్టిలోని కుండను పైనుండి తాళ్లు పట్టుకొనును. నేలపై పెట్టిన కుండను క్రిందనుండి కుదురు నిలుపును. గర్భాశయమునకు ఈ రెండు ఆధారములును కలవు. పైనను ప్రక్కలను స్నాయువులు దానిని పట్టుకొని యుండును; క్రింద కటి అడుగున పరచుకొన్న కండరములు కుదురువలె నిలుపును. కాన్పు సమయమున ఈ తాళ్లు సాగును, ఈ కుదురు చీలికపడును. పలుమార్లు కాన్పులు, గంటల తరబడి సాగిన నొప్పులు, గర్భద్వారము పూర్తిగా తెరువకముందే ముక్కించుట, పచ్చి బాలింతగా నుండగనే బరువులెత్తుట, మానని దగ్గు, మలబద్ధకము, ఋతువులు నిలిచిన పిమ్మట కణజాలము పలుచబడుట, ఇవి దీనికి ముఖ్యకారణములు. జారునది గర్భసంచి యొక్కటే కాదు. ముందు గోడతో మూత్రాశయము, వెనుక గోడతో మలాశయము కూడ జారవచ్చును. కావున దోషము కుండయందు కాదు, దానిని పట్టియుంచు కట్టులోనని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మేము చెప్పబోవు చరిత్ర యంతయు ఈ ఒక్క మాట చుట్టునే తిరుగును.

ఈ వ్యాధి నేటిది కాదు. క్రీస్తునకు పూర్వము సుమారు 1550 నాటి ఈజిప్టు వైద్యపత్రమున స్థానము తప్పిన గర్భాశయమునకు చికిత్స చెప్పబడినది. ప్రాచీన గ్రీకు వైద్యులు రోగిని నిచ్చెనకు తలక్రిందులుగా కట్టి కుదుపుట యను కఠినోపాయమును వ్రాసియుంచిరి. సగము దానిమ్మకాయను లోపల నుంచి ఆనించుటయు వారికి తెలిసినదే. మన సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున స్త్రీరోగములను ఇరువదిగా లెక్కించి, వానిలో స్థానభ్రంశమును తెలుపు ప్రస్రంసినిని చేర్చినది. నేయి పూసి, పాలతో కాపడము పెట్టి, జారిన భాగమును మెల్లగా లోనికి చేర్చి, కట్టు కట్టవలెనని దాని విధానము. ఈ దేశములన్నిటి వైద్యులును జారినదానిని తిరిగి చోటున నిలుపుటయే చికిత్సయని తలచిరి. నిలిచియుండునట్లు చేయు సాధనమే వారికి లేకపోయినది.

మన పల్లెలలో ఈ భారము మంత్రసాని మీద పడినది. ఆమె అనుభవము గొప్పది. పెక్కు కాన్పులు ఆమె చేతిమీదనే సుఖముగా జరిగినవి. కాని బిడ్డ అడ్డము తిరిగినపుడును, నొప్పులు రెండు దినములు సాగినపుడును ఆమె చేతిలో నుపాయము లేదు. బాలింతకు పురుటి దినములలో విశ్రాంతి, పథ్యము, నడికట్టు అను ఆచారములు మనకు కలవు. ఇవి మంచి ఆచారములే. కాని కూలికి పోవనిదే పొయ్యి వెలుగని ఇంటిలో ఆ విశ్రాంతి ఎన్ని దినములు చెల్లును? ఆచారము అందరిదే యైనను, దానిని పాటించు స్తోమత అందరికిని లేదు.

పందొమ్మిదవ శతాబ్దమున శస్త్రవైద్యము ముందడుగు వేసినది. జర్మనీలో లాంగెన్‌బెక్ 1813లో యోనిమార్గమున గర్భాశయమును తొలగించెను. ఫ్రాన్సులో లెఫోర్ 1877లో వృద్ధస్త్రీలకు యోనిగోడలను కలిపి కుట్టు పద్ధతిని తెలిపెను. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున ఆర్చిబాల్డ్ డోనాల్డ్ 1888లో మరియొక మార్గము త్రొక్కెను. గర్భాశయమును తీసివేయక, సాగిన కంఠభాగమును తగ్గించి, ముందు వెనుక గోడలను బిగించి కుట్టెను. తరువాత ఫాదర్‌గిల్ దానిని సవరించెను. నేటికిని దానికి మాంచెస్టరు శస్త్రచికిత్స యను పేరే నిలిచినది. కుండను పారవేయక ఉట్టిని బాగుచేయు పద్ధతి యిది.

అదే 1888లో మన హైదరాబాదున మరియొక ముఖ్యకార్యము జరిగినది. రోగికి స్మృతి లేకుండ చేయు క్లోరోఫారము ఎంతవరకు క్షేమమో తేల్చుటకు ఎడ్వర్డ్ లారీ అను రెసిడెన్సీ శస్త్రవైద్యుడు పరిశోధక సంఘమును నెలకొల్పెను. 1889లో నిజాము ప్రభుత్వపు సాయముతో రెండవ సంఘము కూడెను. శ్వాసను కనిపెట్టియున్న చాలునన్న వారి తీర్పును, గుండెయు హఠాత్తుగా నిలువవచ్చునని తరువాతి పరిశోధనలు సవరించినవి. హైదరాబాదు వైద్యకళాశాలలో 1885లో చేరిన తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ఆమె క్లోరోఫారము ఇచ్చుటలో నిపుణురాలై, లోకమున తొలి మహిళా మత్తువైద్యులలో నొకరుగా పేరొందెను. స్త్రీకి స్త్రీయే మత్తు ఇచ్చు ఏర్పాటు రాజధానిలో అప్పుడే ఉండెనన్న మాట.

రాజధానిలో ఉన్నది గోదావరి ఒడ్డునకు రావలెను గదా! కాజీపేట బలార్షాల నడుమ రైలుమార్గము 1929లో పూర్తియైన పిమ్మట పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతములకు హైదరాబాదు దగ్గరైనది. వరంగల్లున కాకతీయ వైద్యకళాశాల 1959లో వెలసినపుడు దూరము మరికొంత తగ్గినది. ఉట్నూరు, సిర్పూరు అడవులలోని గోండు, కోలాము గూడెములకు ఆ దూరము చాల కాలము తగ్గలేదు. వాగులు పొంగినపుడు ఎడ్లబండియు పోలేని చోటునకు శస్త్రవైద్యుని నేర్పు ఎట్లు చేరగలదు?

ఇరువదవ శతాబ్దపు నడుమ బొంబాయి వైద్యులు ఈ చరిత్రకు భారతదేశపు అధ్యాయమును చేర్చిరి. ఐరోపాలో ఈ వ్యాధి ఎక్కువగా వయసుమళ్లిన వారికి వచ్చునది. మన దేశమున ఇంకను బిడ్డలను కనదలచిన యువతులకు కూడ వచ్చుచుండెను. వారికి గర్భాశయమును కాపాడుచునే దానిని పైకెత్తి కట్టవలసి యుండెను. శిరోద్కర్ వెనుకవైపు త్రికాస్థికి పట్టీతో బంధించు పద్ధతిని, పురందరే ముందువైపు పొట్టగోడ పొరకు బంధించు పద్ధతిని రూపొందించిరి. ఉట్టికి క్రొత్త త్రాడు కట్టుట యన్న నిదియే. ఈ పద్ధతులు నేటికిని స్త్రీరోగశాస్త్ర పాఠ్యగ్రంథములందు బోధింపబడుచున్నవి.

చికిత్స యున్నది, మరి రోగులు వచ్చుచున్నారా? ఈ ప్రశ్నకు సమాధానము మన పొరుగుననే దొరకినది. ఆదిలాబాదునకు ప్రాణహిత యావల గడ్చిరోలి జిల్లా కలదు. దానిలోని సిరొంచ ప్రాంతమున తెలుగు మాటలాడువారు పెక్కుమంది. ఆ జిల్లాలోని రెండు గ్రామములలో వైద్యురాలు రాణీ బంగ్, ఆమె సహచరులు 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989 జనవరిలో లాన్సెట్ పత్రికయందు ఫలితములు ప్రకటించిరి. నూటికి 92 మందికి ఏదో యొక స్త్రీరోగము కలదని తేలినది. అంతకు పూర్వము స్త్రీరోగ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 8 మంది మాత్రమే. మౌనము ఎంత పెద్దదో లోకమునకు ఆ సంఖ్యలే తెలిపినవి.

పిమ్మట కథ మరియొక మలుపు తిరిగినది. చికిత్స అందని కాలము పోయి, అక్కరలేని చికిత్స అందు కాలము వచ్చినది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ ప్రారంభమై పేదలకు పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరచినది. అది మేలే. అదే కాలమున తెల్లబట్టకును, నడుమునొప్పికిని కూడ గర్భసంచి తీసివేయుట మన పల్లెలలో పరిపాటియైనది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. దేశమున తొలి రెండు స్థానములు తెలుగువారివే. అనవసరమైన ఇట్టి శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శకములను అన్ని రాష్ట్రములు మూడు నెలలలో అమలుపరుపవలెనని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆదేశించినది.

ఇచట శ్రోతలు మొదటి మాటను తలచుకొనవలెను. తాళ్లు సడలిన ఉట్టినుండి కుండను తీసివేసినంత మాత్రమున ఉట్టి బాగుపడదు. ఆధారములను సరిచేయక గర్భసంచిని మాత్రము తీసినచో, కొంతకాలమునకు యోని పైకప్పే జారవచ్చును. అండాశయములను కూడ ముందుగనే తీసివేసినచో ఎముకలు బలహీనపడును. వయసుమళ్లి, జారుడు ముదిరినవారికి గర్భసంచిని తీసి, గోడలను బిగించి కుట్టుట తగిన చికిత్స కావచ్చును. కాని అది వైద్యురాలు పరీక్షించి నిర్ణయింపవలసినది. భయముతో తొందరపడి చేయించుకొనవలసినది కాదు. "తీసిన తరువాత ఆధారమును ఎట్లు బిగింతురు? తీయక బాగుచేయు మార్గము కలదా?" అని అడుగుటకు ప్రతి స్త్రీకిని హక్కు కలదు.

శస్త్రచికిత్స లేని మార్గములును కలవు. కాలిఫోర్నియా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో కటి కండరముల వ్యాయామమును ప్రచారము చేసెను. మూత్రమును ఆపుకొనునట్లు ఆ కండరములను బిగించి, కొన్ని క్షణములు నిలిపి, విడువవలెను. మూత్రము పోయునపుడు మాత్రము ఇది చేయరాదు. దినమునకు పలుమార్లు, కొన్ని నెలలు విడువక చేసినచో తొలిదశలో గుణము కనబడును. రెండవది సిలికానుతో చేసిన వలయము. దానిని వైద్యురాలు కొలత చూచి లోపల అమర్చును. కుదురు కుండను నిలిపినట్లు అది నిలుపును. అప్పుడప్పుడు తీసి కడిగి మరల పెట్టవలెను. ఇక యోనిమార్గమున అమర్చు కృత్రిమ వలలను ఒకప్పుడు విరివిగా వాడిరి. వాని క్షేమము ఋజువు కాలేదని 2019 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వము ఈ వ్యాధికై వాని అమ్మకమును నిలిపివేయించినది.

శస్త్రచికిత్స గొప్పగా జరిగినను, దాని ఫలము ఇంటిలోనే నిలుచును లేక చెడును. ఆసుపత్రిలో ఒకటి రెండు దినములు మూత్రపు గొట్టము ఉండును, నడిపింతురు, కొలది దినములలో ఇంటికి పంపుదురు. కుట్లు అంతట మానుటకు వారములు పట్టును. కనీసము ఆరు వారములు నీటి బిందె, బియ్యపు సంచి, చంకబిడ్డ ఏదియు ఎత్తరాదు. దాంపత్యమును అంతవరకు మానవలెను. నాట్లు, మోపులు వంటి బరువుపనులకు మూడు నెలలు ఆగుట మేలు. మలబద్ధకము రాకుండ ఆకుకూరలు, నీరు పుష్కలముగా తీసికొనవలెను. దగ్గునకు వెంటనే మందు వాడవలెను. జ్వరము, దుర్వాసనతో కూడిన స్రావము, అధిక రక్తస్రావము, మూత్రము బిగియుట కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఋతువులు నిలిచిన పిమ్మట రక్తము కనబడినచో, శస్త్రచికిత్స జరిగినను జరుగకున్నను, పరీక్ష తప్పదు. ఇన్ని చేసినను కొందరికి మరల జారవచ్చును. అది ఆమె తప్పు కాదు.

ఈ ఆరు వారములే పేద యింటికి కష్టమైనవి. దినకూలి స్త్రీకి, బీడీల లెక్కన కూలి పొందు స్త్రీకి విశ్రాంతి యన్న కూలి పోవుటయే. 1961 నాటి ప్రసూతి సదుపాయ చట్టము ఉద్యోగినికి సెలవు ఇచ్చినది గాని పొలములోని తల్లి దానికి వెలుపలనే నిలిచినది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము కేసీఆర్ కిట్ పథకముతో ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పైన తల్లికి మగబిడ్డయైన 12,000, ఆడబిడ్డయైన 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చుటకు పూనుకొన్నది. కాన్పు వేళ తల్లి కోల్పోవు కూలిని పూరించు ఆలోచన సరియైనదే. శస్త్రచికిత్స పిమ్మటి విశ్రాంతికి మాత్రము కుటుంబమే పూనుకొనవలెను. భర్త బిందె మోయవలెను. కొడుకు మోపు తేవలెను.

నేడు దూరము మునుపటి వలె లేదు. ఆదిలాబాదున రిమ్స్ వైద్యకళాశాల 2008లో వెలసినది. మంచిర్యాల, జగిత్యాల, రామగుండములలో 2022లోను, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాదు, సిరిసిల్లలలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. నాట్లకు పోవు తల్లికి వైద్యురాలు ఇపుడు సొంత జిల్లాలోనే కలదు. ఇక మిగిలినది ఇంటిలోని మాట. మీ యింట పెద్దావిడ సాయంకాలమునకు నడుము పట్టుకొని కూలబడుచున్నచో, తుమ్మినపుడు సిగ్గుపడి లోనికి పోవుచున్నచో, ఆమెను ఏకాంతమున ఒక్క మాట అడుగుడు. అడిగిన పిమ్మట ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి పొండు.