పన్ను ముందా, నల్లా ముందా?

తెలుగులో పన్ను అనే మాటకు రెండర్థాలున్నాయి. రెండూ నొప్పి పెట్టేవే. నోట్లో పన్ను కదిలితే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. ఇంటి పన్ను పెరిగితే మాత్రం ఎవరి దగ్గరికి వెళ్ళాలో మనలో చాలామందికి తెలియదు. ఇంటాయన ఆఫీసుకీ, పిల్లలు బడికీ వెళ్ళాక, నోటీసు పట్టుకొచ్చిన బిల్లు కలెక్టరు ఎదుట నిలబడేది ఇల్లాలే. "కడతాం లే నాయనా, ముందు ఆ మోరీ సంగతి చూడండి" అని ఆవిడ అంటుంది చూశారూ, ఆ మాటకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది.

వేములవాడనే తీసుకోండి. వెయ్యేళ్ళ కిందట చాళుక్య రాజు రెండవ అరికేసరి కొలువు తీరిన ఊరది. కన్నడ ఆదికవి పంపడు ఆయన ఆస్థానంలోనే ఉండి భారత కథను కావ్యంగా చెప్పాడు. రాజులు పోయారు, రాజన్న గుడి మిగిలింది. గుడి చుట్టూ ఊరు అల్లుకుంది. మొన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీ. 2014 ఎన్నికల నాటికి నగర పంచాయతీ. ఆ తరువాత మునిసిపాలిటీ. 2020 జనవరిలో ఆ హోదాలోనే ఓట్లు పడ్డాయి.

హోదా పెరిగితే సంతోషమే. కానీ యాత్రాస్థలంలో కాపురం ఉండేవాళ్ళ కష్టం కాపురం చేసేవాళ్ళకే తెలుస్తుంది. సోమవారం వచ్చిందంటే కోడె మొక్కులవాళ్ళు, శివరాత్రి వచ్చిందంటే లక్షల్లో జనం. వాళ్ళు ధర్మగుండంలో మునిగి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి బస్సెక్కుతారు. విస్తరాకులూ, కొబ్బరి చిప్పలూ, మురుగునీళ్ళూ ఊరివాళ్ళకు మిగులుతాయి. జనాభా లెక్కలో ఉండేది ఇక్కడివాళ్ళే, మోరీలో పారేది మాత్రం అందరిదీ! మరి ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? పన్ను ముందు కట్టాలా, నల్లా ముందు రావాలా? పంచాయతీ పట్టణంగా మారిన ప్రతిచోటా ఇల్లాళ్ళ నోట వచ్చే ప్రశ్నే ఇది.

సరిగ్గా ఇదే తగువు 1919లో సముద్రం పక్కనున్న చీరాలలో వచ్చింది. వేములవాడ పక్కనున్న సిరిసిల్ల లాగే చీరాల కూడా మగ్గాల ఊరు. చీరాలకు ఆనుకుని పేరాల. రెంటిలోనూ కలిపి పదిహేను వేల మంది దాకా జనం. ఎక్కువమంది రెక్కాడితేగాని డొక్కాడని నేతపనివాళ్ళూ, చిన్న రైతులూ. అప్పటిదాకా అక్కడ చిన్న యూనియను పాలన ఉండేది. ఏడాదికి వసూలయ్యే పన్ను 4 వేల రూపాయలు. మద్రాసు ప్రభుత్వం ఊళ్ళు రెంటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్ను ఒక్కసారిగా 40 వేలకు చేరింది!

జనం మొదటే కర్రలు పట్టుకోలేదు. మర్యాదగా అర్జీలు రాసుకున్నారు. "అయ్యా, మాకు ఇంత శక్తి లేదు, ఈ మునిసిపాలిటీ మాకొద్దు" అని మొరపెట్టుకున్నారు. ఆలకించినవాళ్ళు లేరు. ఇందులో ఒక వింత ఉంది. 1920 చివర వచ్చిన కొత్త ఏర్పాటు ప్రకారం మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖ మన దేశస్థుడైన మంత్రి చేతిలోకే వచ్చింది. ఆయన పానగల్లు రాజా రామరాయణింగారు, మన తెలుగువారే. శాఖ పేరు స్వపరిపాలన. ఆ 'స్వ' అనేవాళ్ళ మాట మాత్రం చెల్లలేదు.

ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు అప్పుడు జనానికి అండగా నిలిచారు. ఆంధ్రరత్న అని లోకం పిలుచుకున్నది ఆయన్నే. రామదండు అనే పేరుతో కార్యకర్తలను కూడగట్టారు. జనం పన్ను కట్టం అన్నారు. సర్కారు కేసులు పెట్టింది, కొందరిని జైలుకు పంపింది. అలా వెళ్ళినవాళ్ళలో రావూరి అలమేలమ్మ అనే స్త్రీ ఉన్నారు. గడప దాటితే నలుగురూ నాలుగు మాటలనే ఆ రోజుల్లో, మునిసిపాలిటీకి పన్ను కట్టనని చెప్పి ఒక ఆడమనిషి జైలు గడప తొక్కడం ఎంత సాహసమో మీరే ఊహించుకోండి.

1921 వసంతంలో బెజవాడలో కాంగ్రెసు సభలకు వచ్చిన గాంధీగారు చీరాల కూడా వెళ్ళారు. ఆయన చెప్పిన దారులు రెండు. పన్ను కట్టక, దెబ్బకు దెబ్బ తీయక, వచ్చిన శిక్ష అనుభవించడం ఒకటి. ఊరి హద్దు దాటి వెళ్ళిపోవడం రెండోది. మనుషులే లేకపోతే మునిసిపాలిటీ ఎవరిమీద? అయితే మీ కష్టనష్టాలు మీవేనని కూడా ఆయన ముందే హెచ్చరించారు.

చీరాల రెండో దారే పట్టింది. పదిహేను వేలలో పదమూడు వేలకు పైగా ఇళ్ళకు తాళాలు వేసి హద్దు అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. చరిత్ర పుస్తకాలు దీన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేస్తాయి. మనం ఆడవాళ్ళం గనుక ఇంకో నాలుగు ప్రశ్నలు వేసుకుంటాం. పొయ్యి ఎక్కడ పెట్టుకున్నారు? నీళ్ళు ఎంత దూరం నుంచి మోశారు? వాన కురిసిన రాత్రి పసిబిడ్డలను ఏ మూల పడుకోబెట్టారు? ఉన్నది ఒకరోజూ రెండురోజులూ కాదు, పదకొండు నెలలు! ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ ఆ పాకల్లోనే గడిచాయి. జెండా పట్టినవాళ్ళ పేర్లు మనకు తెలుసు. ఆ పదకొండు నెలలూ పొయ్యిలో మంట ఆరకుండా చూసినవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

చివరికి గోపాలకృష్ణయ్యగారు జైలు పాలయ్యారు. చేతిలో డబ్బు నిండుకుంది. 1922లో జనం పాత ఇళ్ళకు తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉంది. మరి ఓడిపోయినట్టేనా? ఒక లెక్క వేసి చూడండి. ఒక అర్జీ ఓపిగ్గా చదవడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట దొరకనందుకు రెండు ఊళ్ళు పదకొండు నెలలు పాడుబడ్డాయి. ఊరివాళ్ళను అడగకుండా ఊరిని ఉద్ధరించబోతే ఏమవుతుందో ఆ ఖాళీ వీధులు చెప్పాయి.

చీరాల ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉంది. వేములవాడ నైజాం రాజ్యంలోది. అక్కడ అర్జీ సంగతి దేవుడెరుగు, నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా ముందు సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది అందుకు. అంత కట్టడిలోనూ 1935లో నైజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ నాలుగో సమావేశం సిరిసిల్లలో జరిగింది. వేములవాడకు పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. దానితోపాటే మహిళా సభ కూడా జరిగింది, దానికి మాడపాటి మాణిక్యమ్మగారు అధ్యక్షురాలు. ఆడవాళ్ళు ఒకచోట కూడి, ఒకావిడ అధ్యక్షత వహిస్తే మాట్లాడుకోవడం ఆ ప్రాంతానికి ఎంత కొత్త సంగతో! అన్నట్టు, ఆ హనుమంతరావుగారే 1951లో హైదరాబాదు కార్పొరేషనుకు తొలి మేయరయ్యారు. ఆ తరువాత 1962లో అదే కుర్చీలో రాణీ కుముదినీదేవిగారు కూర్చున్నారు. ఆ నగరానికి తొలి మహిళా మేయరు ఆవిడే.

ఇవాళ చట్టం మన పక్షాన ఉంది. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనలో మూడో వంతు స్థానాలకు తగ్గకుండా ఆడవాళ్ళకు ఇచ్చింది. తెలంగాణ 2019 మునిసిపల్ చట్టం సగం స్థానాలు వాళ్ళకే అంది. వార్డుకు నాలుగు కమిటీలుండాలని, వాటిలో ఒకటి మహిళలదని కూడా రాసింది. సోమవారాలు కలెక్టరు ఆఫీసులో ప్రజావాణి ఉంది. అర్జీ తీసుకోకపోవడానికి వీల్లేదు.

ఇన్ని ఉన్నా ఒక్క లోటు. కొన్నిచోట్ల కుర్చీ మీద పేరు ఆవిడది, మాట ఆయనది! "కౌన్సిలరుగారు ఏరీ?" అంటే భర్తగారు లేచి నిలబడతారు. నవ్వు వస్తుంది గానీ, నవ్వి ఊరుకునే విషయం కాదిది. నల్లా ఎన్ని గంటలకు వస్తుందో, ఎన్ని బిందెలు నిండేసరికి ఆగిపోతుందో ఆవిడకు తెలిసినట్టు ఆయనకు తెలియదు. ఏ మలుపులో దీపం లేక ట్యూషన్ నుంచి వచ్చే పిల్ల భయపడుతుందో కూడా తల్లికే తెలుస్తుంది. తెలిసినవాళ్ళు నోరు విప్పకపోతే, తెలియనివాళ్ళ లెక్క ప్రకారమే మోరీ కడతారు.

చీరాలవాళ్ళు ఇళ్ళు వదిలి చెప్పాల్సి వచ్చిన మాటను మనం ఇంట్లో ఉండే చెప్పుకోవచ్చు. ఆ సదుపాయం ఊరికే రాలేదు. కాబట్టి ఈసారి వార్డులో సభ అంటే వంట కాస్త ముందుగా ముగించుకుని, పక్కింటి వదినగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. చెప్పదలచుకున్నది కాగితం మీద రాసి ఇవ్వండి. తేదీ వేసి ముద్ర కొట్టిన రసీదు అడిగి తీసుకోండి. పన్ను కట్టిన రసీదు పక్కనే దాన్నీ దాచుకోండి. రెండూ కలిపి చూపిస్తేనే లెక్క సరిపోతుంది.