పుండు మానాలంటే సి విటమిన్ కావాలి
చర్మం, చిగుళ్లు, ఎముకలు, రక్తనాళాలను పట్టి ఉంచే ప్రొటీన్ కొల్లాజెన్. దాని మూడు పోగులు తాడులా పేనుకుని గట్టిపడాలంటే సి విటమిన్ తప్పనిసరి. గాయమైన చోట కొత్త కణాలు పెరిగేది ఈ అల్లిక ఆధారంగానే. ఈ విటమిన్ బాగా తగ్గితే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, పుండ్లు మానవు. ఆ జబ్బే స్కర్వీ.

మన ఒంట్లో ఇది తయారు కాదు, తిండి నుంచే రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం రోజుకు పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు అవసరం. ఒక్క జామపండుతో అది తీరిపోతుంది. కొట్పాడ్ వైపు సంతల్లో జామ, ఉసిరి దొరికే రోజుల్లో వదలకండి. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే విటమిన్ కూడా పోతుంది, వాటిని చారులో కలపండి. పుండు మానకపోవడానికి షుగర్ కూడా కారణం కావచ్చు, డాక్టరుకు చూపించండి.