మోటారుబండి నాడి



ఎద్దు అలసినచో నోట నురుగు గ్రక్కును, అడుగు తడబడును. తోలువాడు అది చూచి కాడి దించును. మోటారుబండి యట్లు కాదు. లోపల నీరు మరగుచున్నను, నూనె యడుగంటినను, కొంతసేపు మునుపటివలెనే పరుగెత్తుచుండును. దాని నాడిని తెలుపుటకు పుట్టినవే మీటర్లు. వీనిలో కొన్నింటిని మొదట కంపెనీవా రీయలేదు. బండి కొన్నవారే వేరుగా కొని బిగించుకొనిరి.

అమెరికా దేశమున ఫోర్డు కంపెనీ 1908లో ‘మోడల్ టీ’ యను చవుకబండిని వెలువరించెను. 1927 వరకు అట్టివి 1 కోటి 50 లక్షలు తయారైనవి. చాలకాలము వానిలో పెట్రోలు ఎంత కలదో తెలియవలెనన్న సీటు తీసి తొట్టిలో పుల్ల ముంచి చూడవలసినదే. నూనె మట్టము తెలియుటకు బండి క్రిందికి వంగి రెండు చిన్న కుళాయిలు త్రిప్పవలెను. నీటి వేడిని తెలుపు సాధనమే లేదు. ముందరి రేడియేటరు నుండి ఆవిరి చిమ్మినప్పుడు గాని తోలువానికి ప్రమాదము తెలియదు.

ఈ కొరతను చూచి హారిసన్ బాయిస్ అను నతడు ‘మోటోమీటరు’ను కల్పించి పేటెంటు పొందెను. అది రేడియేటరు మూతపై నిలుచు ఉష్ణమాపకము. వేడి హెచ్చినకొలది గాజు గొట్టములోని రంగు ద్రవము పైకి లేచును. తోలువాడు తన చోటు కదలకయే దానిని చూడగలడు. మూతకు తప్ప బండికి మరెచటను రంధ్రము చేయ నక్కరలేదు.

తరువాత మీటరు డాష్‌బోర్డునకు చేరినది. గుర్రపుబండ్లలో గిట్టలు చిమ్ము బురదను ఆపు పలకకే మొదట ఆ పేరు. మీటరులోని వంపు గొట్టమును ఫ్రాన్సు దేశీయుడు యూజీన్ బోర్డన్ 1849లోనే ఆవిరియంత్రములకై కల్పించెను. ఒత్తిడి పెరిగినచో వంపు విచ్చుకొని ముల్లును కదల్చును. నూనె ఒత్తిడిని తెలుపు ముల్లునకు ఇదియే ఆధారము.

నేడు పాతబండ్లను కాపాడువారు మరల ఇట్టి మీటర్లను చేర్చుచున్నారు. ఇందొక చిక్కు కలదు. మీటరు లేనిచో ఇంజను చెడును. పలకకు రంధ్రములు చేసినచో ఆనాటి పనితనము చెడును. చెడిన ఇంజనును బాగు చేయవచ్చును గాని, కోసిన పలకకు మొదటి రూపు రాదు. కావున పలక క్రింద చిన్న రేకు వ్రేలాడదీసి, ఉన్న మరలతోనే బిగించి, మీటర్లను అందమర్చుట మేలు. అక్కరలేనినాడు ఊడదీయవచ్చును. విద్యుత్తును కొలుచు అమ్మీటరు విషయమున మరింత జాగ్రత్త వలయును. బండి విద్యుత్తులో చాలభాగము దాని గుండనే సాగును గనుక, తీగ కట్టు వదులైనచో వేడెక్కి నిప్పు పుట్టవచ్చును.

ఎన్ని మీటర్లు పెట్టినను ముల్లు తెలుపుట వరకే. దానిని చూచి సమయమునకు బండి నాపవలసినవాడు తోలువాడే.