కొల్లూరు మట్టి మోసిన చేతులు

వజ్రం కొనబోయే వాళ్ళకి ఇవాళ దుకాణంలో మొదట చెప్పే పాఠం నాలుగు 'సి'లు. క్యారెట్ అంటే బరువు, 0.2 గ్రాములు. కలర్ అంటే 'డి' నుంచి 'జెడ్' దాకా రంగు మెట్లు. ఏ రంగూ లేనిది 'డి'. క్లారిటీ అంటే పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద కనిపించే లోపాల లెక్క. కట్ అంటే సానపట్టిన తీరు. మెరుపు ఎక్కువగా దాన్నిబట్టే ఉంటుంది. ఇదంతా తెలుసుకోవలసిందే. కానీ ఈ కొలతల్లో ఎక్కడా స్త్రీ కనిపించదు. ఆమె కోసమే నేను చరిత్రలోకి వెళ్ళాను.

ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులు చూసి, 1676లో తన యాత్రల పుస్తకం ప్రచురించాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు. ఆ మట్టిని నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు చెరిగి, గడ్డల్ని దంచి, చేతులతో వెతికితే రాయి దొరికేది. చెరగడం, దంచడం, ఏరడం: మన ఇళ్ళలో తరతరాలుగా ఆడవాళ్ళకి అప్పగించిన పనుల పేర్లే ఇవన్నీ.

నాణ్యత చూడడం మాత్రం వర్తకుల పని. యూరప్‌లో పగటి వెలుతురులో చూస్తే, ఇక్కడ రాత్రిపూట గోడ గూట్లో పెద్ద వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని దాని 'నీరు' తేల్చేవారట. ఇప్పుడు నైట్రోజన్ దాదాపు లేని అతి స్వచ్ఛమైన వజ్రాలకి వ్యాపారంలో 'గోల్కొండ' పేరు వాడుతున్నారు. ఊరి పేరు నాణ్యతకి గుర్తయింది. మట్టి మోసిన వాళ్ళ పేరు ఒక్కటీ మిగల్లేదు. కొల్లూరు కూడా పులిచింతల జలాశయం ముంపులో కలిసిపోయింది.

ఇక ఉంగరం కథ. 1867 తర్వాత దక్షిణాఫ్రికాలో రాళ్ళు కుప్పలుగా బయటపడ్డాయి. ధర పడిపోకుండా సరఫరాని గుప్పిట్లో పెట్టుకోవడానికి 1888లో డి బీర్స్ ఏర్పడింది. 1947లో దాని ప్రకటనల కోసం ఫ్రాన్సెస్ గెరెటీ అనే అమెరికన్ రచయిత్రి 'వజ్రం శాశ్వతం' అనే అర్థం వచ్చే నినాదం రాసింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. కోట్లమంది ఆడవాళ్ళ వేళ్ళకి ప్రేమ కొలత తొడిగిన మాట అది.

తాంబూలాలు మార్చుకున్న మన నిశ్చితార్థాల్లోకీ ఆ ఉంగరం వచ్చేసింది. 'పిల్లకి ఎన్ని సెంట్ల రాయి పెట్టారు?' అన్న ప్రశ్న నేను విన్నాను. రాయి బరువుతో పిల్ల విలువ కట్టే ప్రశ్న అది. ఇంతకీ ఆ రాయి ఆమెకి ఆస్తా? కష్టకాలంలో బంగారు గాజు కుదువ పెట్టి గట్టెక్కిన అమ్మమ్మలు మనకి తెలుసు. చిన్న రవ్వ ఉంగరాన్ని తిరిగి అమ్మబోతే కొన్న ధరలో చాలా భాగం రాదు. ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాలు చవకయ్యాక ఆ 'శాశ్వతం' మరీ పలచబడింది.

కొనుక్కునే వాళ్ళు కొనుక్కోండి. సర్టిఫికెట్ అడగండి, భూతద్దంలో చూడండి. దానితోపాటు, ఈ రాయిని ఎవరు తవ్వారు, వాళ్ళకి ఏం దక్కింది, రేపు ఇది ఎవరి పేరున ఉంటుంది అని కూడా అడగండి. కొల్లూరులో మట్టి మోసిన ఆడవాళ్ళకి మనం పడిన బాకీలో ఆ ప్రశ్నలైనా మన వంతు.